ఇరవైనాలుగు పడుగులు

ఆదివారం పొద్దున తిరువళ్ళూరు నుంచి మూట తిరిగొచ్చింది. శుక్రవారం సాయంత్రం రైలుబండికి పంపిన రెండువందల నలభై లుంగీల్లో నూటపద్దెనిమిదింటిని, బట్ట తీసుకునే డిపోవాళ్ళు పనికిరావని వెనక్కి పంపేశారు. నేతగాళ్ళ సంఘం గుమాస్తా వాసుదేవ స్టేషన్ నుంచి ఒంటెద్దు బండిలో ఆ మూట తెచ్చి సంఘం వసారాలో దింపించాడు. ఆ కబురు తిరుత్తణి నేతగాళ్ళ వీధి చివరిదాకా చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

ధనమ్మ పెరట్లో గంజికుండ తోముతూ ఉండగా పిలుపొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళింది. వసారాలో మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఆమె మొగుడు వెంకటముని కూడా ఉన్నాడు, స్తంభం పక్కన, తల వంచుకుని.

సంఘం ప్రెసిడెంటు దామోదరం ఒక లుంగీ విప్పి తిన్నె మీద పరిచాడు. అరవై ఏళ్ళు దాటినా రోజూ మగ్గం గుంటలో దిగే మనిషి. ఆ వీధిలో ఆయన చేతికి సమానమైన చెయ్యి లేదని అందరూ ఒప్పుకుంటారు. ఆయన వేలు బట్ట మీద ఒక చోట ఆగింది, జరిగి ఇంకో చోట ఆగింది. దారం తెగిన చోటల్లా ముడి. ముడి జారిన చోటల్లా సన్నటి గీత.

"ధనమ్మా, ముందు గంజి పెట్టిన పడుగులు బాగానే ఉండాయి. తర్వాత పెట్టినవే తెగతాండాయి. కుండ అడుగంటేకొద్దీ నువ్వు నీళ్ళు కలపతాండావని వీధంతా అంటా ఉంది."

ధనమ్మ ఆ బట్ట వైపు చూసింది. పందొమ్మిదేళ్ళుగా ఈ వీధిలో మగ్గమెక్కే ప్రతి పడుగుకూ, ఆ నిలువుపోగుల వరసకు, గంజి ఆమెదే. నూకలు నానబెట్టి, రాత్రంతా పులియబెట్టి, రుబ్బి, కాచి, పలచటి గుడ్డలో వడగట్టి, చివర్లో నూగుల నూనె కలిపి తెస్తుంది. ఆ గంజి పడితేనే నూలుపోగు మగ్గం మీద రాపిడికి తట్టుకుని నిలబడుతుంది.

"నీళ్ళు కలిపితే చేతికి తెలస్తాది అన్నా," అంది. "కుంచె పట్టేది నువ్వే గదా. నీ చేతికి తెలీలేదా?"

దామోదరం లుంగీ మడిచి పక్కన పెట్టాడు.

"కమిటీ తీర్మానం చేసేసింది. రేపట్నుంచి అలమేలు కాస్తాది గంజి."

అలమేలు కడంబత్తూరు పిల్ల. అరవం మాట్లాడే ఇంటినుంచి ఈ వీధికి కోడలుగా వచ్చి నాలుగేళ్ళు. వసారా కింద ఆడవాళ్ళ గుంపులో నిలబడి ఉంది. ధనమ్మ చూడగానే కళ్ళు దించుకుంది.

ఇంటికి వచ్చాక ధనమ్మ కుండ బోర్లించి పెట్టింది. వెంకటముని గడపలో కూర్చున్నాడు.

"ఏమయ్యా, నువ్వూ అట్లే అనుకుంటాండావా?"

"పోయిన సోమవారం నా పడుగుకి గంజి పెట్టేసరికి పదకొండు దాటింది. నాలుగు దినాల్లో ఎన్ని పోగులు తెగినాయో నా వేళ్ళకి తెలుసు. నువ్వు నీళ్ళు కలపవనీ తెలుసు. ఈ రెండూ ఒకే తూరి ఎట్లా నిజమవుతాయో, అదే నాకు తెలీదు."



సోమవారం కోడి కూయకముందే ఆమెకు మెలకువ వచ్చింది. పొయ్యి వెలిగించే పని లేదు. కాసేపు పక్క మీదే కూర్చుని, ఇక ఉండలేక వచ్చి అరుగు మీద కూర్చుంది.

వీధిలో అప్పటికే కొయ్యకాళ్ళు పాతుతున్నారు. ఆ కాళ్ళ మీద పడుగును ఈ కొస నుంచి ఆ కొసకు పొడుగ్గా చాపి కట్టాలి. గంజి చల్లి, ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు నిలబడి, పెద్ద కుంచెలతో ఒకే వాలున దువ్వుతూ, వీధి పొడుగునా నడుస్తూ పోవాలి. తడి ఆరేదాకా ఆ నడక ఆగకూడదు. మధ్యలో ఇంకొందరు అంటుకున్న పోగుల్ని వేళ్ళతో విడదీస్తూ ఉండాలి. ఒక్క ఇంటివాళ్ళకు అయ్యే పని కాదు. ఒకరి పడుగుకు అందరూ చెయ్యి వేస్తారు.

ఆ వీధి పొడుగుకు ఒకసారికి మూడు పడుగులు పడతాయి. చల్లపూట మూడు, అవి తీశాక ఇంకో మూడు. ఈ ఆరూ అయ్యేసరికి పొద్దు ఇళ్ళ కప్పులు దాటి వీధిలోకి దిగింది. మిగతా పద్దెనిమిది పడుగులూ ఇళ్ళ ముందు చుట్టలుగా ఉన్నాయి, వంతు కోసం.

పందొమ్మిదేళ్ళూ ధనమ్మ ఈ పనిని కుండ మీదికి వంగి చూసిందే గానీ, ఇలా ఒక పక్కన కూర్చుని వీధిని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది లేదు. ఇప్పుడు చూసింది. మొదటి పడుగుల దగ్గర కుంచెలు నిదానంగా నడిచాయి. గంజి దారం వెంట మెల్లగా సర్దుకుంటూ పోయింది. తొమ్మిది దాటాక అవే కుంచెలు పరుగెత్తసాగాయి. ఈ కొసన చల్లిన గంజి కుంచె ఆ కొసకు చేరకముందే బిరుసెక్కిపోతోంది. జంటలుగా అంటుకున్న పోగుల్ని విడదీస్తున్న ఆడవాళ్ళు "నిలపండి, నిలపండి" అంటున్నారు. వెనక వంతువాళ్ళు "ఇంగ ఎంతసేపు" అంటున్నారు.

ఆమె లేచి అలమేలు కుండ దగ్గరికి వెళ్ళింది. వేలు ముంచి బొటనవేలితో రాసి చూసింది. గంజి పలచగా ఉండాలని ఆ క్షణాన ఆమె మనసు కోరుకుంది. కానీ పలచగా లేదు. సరిగ్గా తను కాచినట్టే జిగురుగా, వేళ్ళ మధ్య సన్నగా సాగుతోంది. పదకొండు గంటలకు మళ్ళీ వెళ్ళి చూసింది. అలమేలు రెండో కుండ కొత్తగా కాచి తెచ్చింది. అదీ అంతే చక్కగా ఉంది.

"బాగుండాదా అక్కా?" అని అడిగింది అలమేలు, భయంగా.

"బాగుండాది."

అంతే అంది. వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుని, చివరి పడుగు తీసేదాకా, అంటే మధ్యాహ్నం రెండున్నరదాకా అక్కడే ఉంది. ఏ ఇంటి పడుగు ఎన్నో వంతులో ఎక్కిందో ఆమెకు కంఠతా వచ్చేసింది.

మంగళవారం పొద్దున చాటలో చింతగింజలు పోసుకుని ఇంటింటికీ వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ మగ్గం పక్కన ఎవరో ఒక ఆడమనిషి రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతూ ఉంటుంది. ఆమె ముందు గుప్పెడు గింజలూ ఒక ముంతా పెట్టింది.

"దారం తెగినప్పుడల్లా ఒక గింజ ఈ ముంతలో ఎయ్యి. అంతే."

"ఎందుకక్కా?"

"ఊరికే. పనీపాటా లేదు గదా నాకు."

కొందరు నవ్వారు. ఒకరిద్దరు జాలిగా చూశారు. దామోదరం ఇంట్లో ఆయన కూతురు చంద్రావతి రాట్నం తిప్పుతోంది. గింజలు తీసుకోవాలా వద్దా అని తండ్రి వైపు చూసింది. మగ్గం గుంటలోంచి దామోదరం తల ఎత్తలేదు.

"తీసుకో," అన్నాడు. "మన ఇంట్లో దాచుకునేది ఏముండాది."

మూడు రోజులూ ధనమ్మ వీధి మధ్యలో ఉన్న తన అరుగు మీద కూర్చుని మగ్గాల వైపే చెవులు పెట్టి విన్నది. మగ్గం నడిచినంతసేపూ చప్పుడు ఒకే వరసన వస్తుంది. దారం తెగితే ఆగుతుంది. నేతగాడు ముందుకు వంగి, తెగిన కొస వెతికి, ముడేసి, మళ్ళీ అడ్డపోగుల నాడె విసిరేదాకా ఆ ఇంట్లో చప్పుడు ఉండదు. తొలి వంతులో పడుగు ఎక్కించిన ఇళ్ళు గడియ గడియసేపు ఆగకుండా నడుస్తున్నాయి. మధ్యాహ్నం వంతు ఇళ్ళు నాలుగడుగులు నడిచి ఆగే ముసలి ఎద్దుల్లా ఉన్నాయి. ఆగినంతసేపూ పని వెనకబడుతుంది. శుక్రవారానికి బట్ట ఇచ్చి తీరాలి. అందుకని ముడి వేసీ వేయకుండా లాగించేస్తున్నారు. ఆ ముళ్ళే తిరువళ్ళూరులో జారుతున్నాయి.

గురువారం సాయంత్రం ముంతలన్నీ తెచ్చి, వంతుల వరసలో చాప మీద ఇరవైనాలుగు కుప్పలు పోసింది. వెంకటముని పక్కన గొంతుకూర్చున్నాడు. మొదటి ఆరు కుప్పలూ చేతిలో పట్టేంత ఉన్నాయి. ఒకటి ఎనిమిది గింజలు, ఒకటి పదకొండు. ఏడో కుప్ప దగ్గర్నుంచి పెరుగుతూ పోయాయి. చివరి నాలుగింట్లో ఒక్కోటీ యాభైకి తక్కువ లేదు.

వెంకటముని ఆ వరస వెంట చూపు నడిపించి, మెల్లగా అన్నాడు: "అయితే గంజి కాదు. ఎండ."

"ఎండ వస్తానే ఉంటాది. పద్దెనిమిది పడుగుల్ని ఎండలోకి తెచ్చింది మనమే."

"సోమవారమే గంజి పెట్టకుంటే శుక్రవారానికి బట్ట యాడ్నించి వస్తాది?"

"అదే నేనూ అడగాల," అంది ధనమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె సంఘం గిడ్డంగికి వెళ్ళింది. వాసుదేవ ఇరవైనాలుగు ఇళ్ళనుంచీ ఒకేసారి వచ్చిపడ్డ లుంగీల మధ్య ఊపిరాడకుండా ఉన్నాడు. పదో తరగతి దాకా చదివిన మనిషి. తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉత్తరం రాయగలడు. అప్పట్లో ఊరు ఆంధ్రలో, డిపో మద్రాసు రాష్ట్రంలో. అందువల్ల ఆ మూడూ అవసరమయ్యేవి. బండికి మూట వెళ్ళిపోయేదాకా ధనమ్మ ఓపిగ్గా కూర్చుంది.

"వాసుదేవా, నూలు శనివారమే ఎందుకిస్తాండారు?"

"శుక్రవారం బట్ట తీసుకుంటాము గదక్కా. బట్ట ఇచ్చినోళ్ళకి మరునాడు నూలు."

"బట్ట శుక్రవారమే ఎందుకు?"

"తిరువళ్ళూరోళ్ళు అడగతారు."

"శుక్రవారమే కావాలని అడిగినారా?"

వాసుదేవ అవునని చెప్పబోయి ఆగాడు. బీరువా తెరిచి డిపోతో ఒప్పందం కాగితం తీశాడు. వేలు పెట్టి వరస వరసా చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"వారానికి రెండువందల నలభైకి తక్కువ కాకూడదని ఉండాది. దినం మాట లేదు."

"అయితే ఆ దినం పెట్టిందెవరు?"

ఈసారి సంఘం తీర్మానాల పుస్తకం తీశాడు. రెండేళ్ళ కిందటి తీర్మానం మాసిపోయిన సిరాతో ఉంది. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు బట్ట ఇస్తున్నారు, సరుకు తిరిగొస్తోంది, కట్టుదిట్టం కావాలి, కాబట్టి అందరూ శుక్రవారమే ఇవ్వాలి.

"అంతకుముందు ఎన్ని తిరిగొస్తా ఉండె?"

అతను తిరిగొచ్చిన సరుకు చిట్టా తిరగేశాడు. "ఇరవై. కొన్ని వారాలు పదిహేను."

"రూలు పెట్టినాక?"

పుటలు తిప్పే చెయ్యి నెమ్మదించింది. "నలభై. తర్వాత అరవై."

"అరవై అయినాక ఏం చేసినారు?"

"శుక్రవారం దాటితే ఆ ఇంటికి ఒక వారం నూలు లేదని ఇంకో రూలు పెట్టినాము."

"ఆ తర్వాత?"

వాసుదేవ చిట్టా అలాగే ఒళ్ళో పెట్టుకుని బయట వీధి వైపు చూశాడు. కొయ్యకాళ్ళ గుంతలు వరసగా కనిపిస్తున్నాయి.

"బట్ట చెడిపోతాదని తొందర పెట్టినాము," అన్నాడు. "తొందర పెట్టినందుకు ఇంగా చెడిపోయింది. చెడినకొద్దీ ఇంగా బిగించినాము. ప్రతి తీర్మానమూ నా చేత్తోనే రాసినానక్కా. ఒక్కొక్కటిగా చదివితే అన్నీ న్యాయంగానే ఉండాయి."

"ఒక్కొక్కటిగా చూస్తే నా గంజీ బాగుండాది, మీ రూలూ బాగుండాది, ఎవురి చెయ్యీ తప్పు లేదు," అంది ధనమ్మ. "అన్నీ సోమవారం పొద్దున ఆ ఒక్క వీధిలోకి వచ్చి పడినప్పుడే చెడిపోతాండాయి."

ఆదివారం మూట మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి నూటఇరవైమూడు.

ఆ మూట విప్పకముందే అలమేలు పెరటి దారిన ధనమ్మ ఇంటికి వచ్చింది. గడప దగ్గర నిలబడి, లోపలికి రాలేదు.

"అక్కా, సత్తియమా చొల్రేన్, నాన్ తణ్ణి కలక్కలే. నీళ్ళు పోయలేదక్కా. ఇప్పుడు నన్నూ అట్లే అంటా ఉండారు."

ధనమ్మకు ఒక్క క్షణం గుండె చల్లబడింది. తన పేరు మీద పడ్డ మాట ఇంకొకరి మీదికి పోయింది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, రేపు మళ్ళీ తన పొయ్యే వెలుగుతుంది. అలమేలు చేతులు చూసింది. పులిసిన గంజికి వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఉన్నాయి, తన చేతుల్లాగే. ఆ చల్లదనానికి ఆమెకు సిగ్గు వేసింది.

"నాకు తెలుసు. రా నాతో," అంది.

సంఘం వసారాలో ఇద్దరు ఆడవాళ్ళూ ఎక్కి రావడం చూసి మగవాళ్ళు పక్కకు జరిగారు. ధనమ్మ చంకలోని చాప పరిచి, గింజల మూట విప్పి, ఇరవైనాలుగు కుప్పలూ మళ్ళీ వరసగా పెట్టింది. చింతగింజల సంగతి చెప్పింది. ఒక్కో కుప్పా ఏ ఇంటిదో, ఎన్ని గంటల పడుగో చెప్పుకుంటూ పోయింది. గొంతు పెంచలేదు.

"ఈ వారం గంజి నాది కాదు. అలమేలుది. నేను రెండు తూర్లు వేలు పెట్టి చూసినా. నా గంజికి ఏమాత్రం తీసిపోదు. ముందు ఆరు పడుగులకీ తర్వాత పద్దెనిమిదికీ ఒకటే గంజి. తేడా యాడుందో మీరే చూడండి."

మగవాళ్ళు వంగి చూశారు. మొదటి ఆరు కుప్పల్లో ఒకటి దామోదరంది. ఇంకొకటి ఆయన అల్లుడు కోదండరామది. వీధిలో ఆ ఇళ్ళ పడుగులు ముందు ఎక్కడం ఎప్పట్నుంచో ఉన్న మర్యాద. దామోదరం ముఖం ఎర్రబడింది.

"మా ఇళ్ళ పడుగులు ముందుగా పోతాండాయి గాబట్టే మా బట్ట బాగుండాదని అంటాండావా? మా చేతుల్లో పనితనం లేదంటావా?"

"నేను మనుషుల మాట చెప్పలేదన్నా. పొద్దు మాట చెప్పినా."

"చెయ్యి మంచిదైతే ఎండేం చేస్తాది?" దామోదరం లేచి నిలబడ్డాడు. "రేపు నా పడుగు ఆఖరు వంతులో పెట్టండి. వెంకటముని పడుగు మొదట పోనీ. నా చేత్తో నేనే గంజి పెట్టుకుంటా. గురువారం చూద్దాం."

వద్దని అల్లుడు అనబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపేశాడు.

సోమవారం దామోదరం పడుగు వీధిలో చాపేసరికి ఒంటిగంట దాటింది. వైశాఖమాసపు ఎండ. పడుగులు దువ్వి అలసిపోయిన మగవాళ్ళు అరుగుల నీడకు చేరారు. ఆయన చొక్కా తీసి, తలకు తుండు చుట్టుకుని కుంచె అందుకున్నాడు. అవతలి వైపు కోదండరామ నిలబడ్డాడు. అలమేలు గంజి పోస్తుంటే, ఎవరూ పిలవకుండానే ధనమ్మ వెళ్ళి ఇంకో కొస నుంచి చల్లడం మొదలుపెట్టింది.

ఆయన కుంచె పడటం ఆమె దగ్గరగా చూసింది. మోచేయి కదలకుండా మణికట్టు ఒక్కటే తిరుగుతోంది. అడుగు పడినచోటే కుంచె పడుతోంది. ఈ వీధిలో మగపిల్లలందరూ కుంచె పట్టడం నేర్చుకున్నది ఈ చేతినుంచే. ఎండను గెలవగలిగే చెయ్యి అంటూ ఉంటే ఇదే. వీధి సగానికి వచ్చేసరికి వెనక వదిలిన గంజి తెల్లగా పొరలు లేవడం ఆయనకూ కనిపించింది. వెనక్కి వెళ్ళి తడిపి, మళ్ళీ దువ్వాడు. ముందుది ఎండిపోయింది. ముందుకు పరుగెత్తాడు. ధనమ్మకు ఆయన గెలవాలని ఉందో ఓడిపోవాలని ఉందో తెలియలేదు. ఆ చెయ్యి ఓడటం మటుకు చూడబుద్ధి కాలేదు. వంగి అంటుకున్న పోగుల్ని రెండు చేతులా విడదీస్తూ ఆయన వెంటే నడిచింది.

"ఇంగ చాలన్నా," అంది చివర్లో.

"చాలో కాదో పడుగు చెప్పాల," అన్నాడు ఆయన, రొప్పుతూ.

మంగళవారం, బుధవారం, గురువారం. దామోదరం మగ్గం నడిచి, ఆగి, నడిచి, ఆగింది. అంతవరకూ వీధిలో ఎవరూ ఆ మగ్గం ఆగడం వినలేదు. ఆ ఇంటి ముందు నడిచేవాళ్ళు చప్పుడు కాకుండా దాటిపోయారు. ఇంకోపక్క వెంకటముని మగ్గం గడియలకొద్దీ ఒకే చప్పుడుతో సాగింది. అతను గుంటలోంచి తలెత్తి భార్యను చూసి నవ్వి, మళ్ళీ నాడె విసిరేవాడు.

గురువారం పొద్దు వాలుతుండగా దామోదరం తన ఇంట్లోంచి బయటికి వచ్చాడు. చేతిలో ముంత ఉంది. కూతురికి ఇచ్చి పంపలేదు. వీధి పొడుగునా తనే నడిచి వచ్చాడు. రాట్నాలు ఆగాయి. మగ్గాల్లోంచి మగవాళ్ళు గడపల్లోకి వచ్చారు. ధనమ్మ అరుగు మీద ముంత వంచి గింజలు పోశాడు.

"యాభైమూడు," అన్నాడు. "నా జన్మలో ఒక పడుగుకి ఇన్ని ముడులెయ్యలా."

ధనమ్మ లేచి నిలబడింది. ఆయన ఆమె వైపు కాక వీధి వైపు తిరిగి, అందరికీ వినిపించేలా అన్నాడు:

"వీధిలో మాట అనినా. వీధిలోనే చెప్తా ఉండా. ధనమ్మ నీళ్ళు కలపలా. అలమేలూ కలపలా. అన్ని పడుగుల్నీ ఒకే దినం ఎండలోకి తోసిన ఈ శుక్రవారం రూలు పెట్టింది నేను. బాగుపడతాదనే పెట్టినా."

ఆ మాటలు చెప్పాక ఆయన భుజాలు మరింత నిటారుగా ఉన్నట్టు కనిపించాయి ధనమ్మకు. అరుగు మీద చోటు తుడిచి "కూసో అన్నా" అంది. ఆయన కూర్చున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు చెప్పు."

"దినానికి ఆరు పడుగులు. పొద్దెక్కేలోపల అయిపోవాల. సోమవారం ఆరిళ్ళు, మంగళవారం ఆరిళ్ళు, బుధవారం, గురువారం. గంజి ఏ దినం పెట్టుకుంటే దానికి తగినట్టే వాళ్ళకి నూలూ, బట్ట ఇచ్చే దినమూ. వారానికి అంతే బట్ట వస్తాది. అందరికీ ఒకే దినం రాదు, అంతే. తిరువళ్ళూరికి వారానికి రెండు తూర్లు పంపచ్చు."

"వాసుదేవ గిడ్డంగి నాలుగు దినాలు తెరవాల."

"తెరస్తా," అన్నాడు వాసుదేవ వెనకనుంచి.

"ముందు వంతు ఎవురిది?" దామోదరం అడిగాడు.

"నెలనెలా మారస్తాం. మీ ఇల్లూ మారాల."

ఆయన కాసేపు మీసం నిమురుకున్నాడు. "మారనీ. మరి గంజి? ఇంగ నువ్వే గదా."

ధనమ్మ అలమేలు ఇంటి వైపు చూసింది. అలమేలు గడపలో నిలబడి ఉంది, కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ.

"నాకు రెండు దినాలు, ఆ పిల్లకి రెండు దినాలు. ఒక్క చెయ్యి నాలుగు దినాలూ పులిసిన గంజిలో నానితే ఎన్నేండ్లుంటాది?"

మొదటి వారం గొడవగానే గడిచింది. మంగళవారం వంతు వచ్చిన రెండిళ్ళవాళ్ళు అలవాటు కొద్దీ సోమవారమే పడుగు తెచ్చి చాపబోయారు. బుధవారం వాన తుంపర పడి రెండు పడుగులు మరునాటికి పోయాయి. వాసుదేవ ఒక ఇంటికి నూలు ఇవ్వడం మరిచి తిట్లు తిన్నాడు. అయినా ఆ వారం ఏడున్నరకల్లా వీధి ఖాళీ అయ్యేది. పోగులు విడదీసే ఆడవాళ్ళు పొద్దుటే ఇళ్ళకు పోయి రాట్నాల ముందు కూర్చునేవాళ్ళు. వెనక వంతు కోసం అరిచేవాళ్ళు లేరు. తిరిగొచ్చిన మూట వాసుదేవ చంకలో పట్టేంతే ఉంది.

నాలుగో వారం మూటతోపాటు ధనమ్మ కూడా తిరువళ్ళూరు వెళ్ళింది. వెళ్ళమని దామోదరమే అన్నాడు. అరక్కోణంలో బండి మారి, కడంబత్తూరు దాటి తిరువళ్ళూరులో దిగేసరికి పదకొండయింది. తను గంజి పెట్టిన బట్ట ఇన్నేళ్ళుగా ఎక్కడికి పోతోందో చూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

డిపోలో పొడుగాటి బల్ల, దాని మీద కిటికీలోంచి పడే వెలుతురు. సరుకు చూసే సుందరరాజ్ నడివయసు మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్నాడు. ఒక్కో లుంగీ విప్పి వెలుతురుకు ఎత్తి, అరచేత్తో అడ్డంగా రాసి, పక్కన పెడుతున్నాడు. నూటఇరవైలో నాలుగింటిని సుందరరాజ్ విడిగా పెట్టాడు. మిగతావన్నీ అయిపోయాక, నమ్మకం కుదరనట్టు మధ్యలోంచి ఒకటి లాగి మళ్ళీ ఎత్తి చూశాడు.

"నేసేవాళ్ళని మార్చినారా?" అని అడిగాడు, అరవయాస తెలుగులో.

"లేదు సార్. వాళ్ళే," అన్నాడు వాసుదేవ.

"నూలు?"

"మీరిచ్చే నూలే."

"పిన్న ఎన్న, మరేం మార్చినారు?"

వాసుదేవ ధనమ్మ వైపు చూశాడు.

"మనుషుల్ని ఎవుర్నీ మార్చలేదు సామీ," అంది ధనమ్మ. "దినాలు మార్చినాము."

ఆయనకు అర్థం కాలేదు. ధనమ్మ చెప్పింది. బల్ల అంచు మీద వేలితో వీధి గీసి, ఇక్కడ మూడు పడుగులు, ఇక్కడ పొద్దు, ఇక్కడ నూలు గిడ్డంగి, అని చూపించింది. సుందరరాజ్ కళ్ళజోడు తీసి విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. అవి తెలిసినవాడు అడిగే ప్రశ్నలే. తర్వాత సరుకు ఒప్పుకున్నట్టు లుంగీ మీద ముద్ర వేయడానికి సిరా దిమ్మె దగ్గరికి లాక్కుంటూ అడిగాడు.

"ఇందులో నీ పని ఏదమ్మా? నేస్తావా?"

"గంజి పెడతా."

ఆయన బట్టను మళ్ళీ ఒకసారి అరచేత్తో తడిమాడు, ఆ గంజి కోసం వెతుకుతున్నట్టు.

"మొదటి తూరి నీళ్ళలో ఎయ్యంగానే పోతాది సామీ," అంది ధనమ్మ. "కట్టుకునేవాళ్ళకి అది ఉన్నిందనే తెలీదు. మగ్గం మీద ఉన్నన్ని దినాలూ పోగుని నిలబెట్టేది అదే."

సుందరరాజ్ తల ఊపాడు. ముద్ర ఎత్తి లుంగీ అంచున గట్టిగా ఒత్తాడు. నీలం సిరా ఇంకా తడిగా ఉంది. బండికి వేళవుతోందని వాసుదేవ తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. ధనమ్మ ఆ ముద్ర ఆరేదాకా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.